నీళ్లుండగానే అడగాలి

ఎండలు ముదరగానే మా పల్లె మీదికి పులికాట్ సరస్సు బురద వాసన వస్తుంది. ఉప్పూ నాచూ కలిసి ఎండుతున్న వాసన. ఈ పొద్దున తలుపు తీయగానే అదే కొట్టింది. మా ఆవిడ ముక్కు మూసుకుంది. నాకు మాత్రం కోదండన్న గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కోదండన్న మా జాలరి పల్లెకు పెద్ద. బడి మానేసి, లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్న నన్ను పిలిచి, సరస్సులో వల కట్టే చోట్లు కొలిచే పని అప్పగించింది ఆయనే. ఆ చోట్లు ఎవరి సొంతమూ కావు. ఏటా చీటీ తీస్తాం, వచ్చిన చోట వల కడతాం. అన్నీ ఒకే వెడల్పు ఉండేలా నేను తాడు పట్టి కొలిచేవాణ్ణి. చీటీ పడ్డాక ఇక మార్పు లేదు. అది తాతలనాటి కట్టుబాటు, మా మాటలో కట్టు.

అయితే ఆ కట్టు నీళ్లు నిలకడగా ఉన్న కాలానిది. వానలు గతి తప్పి, సముద్రపు నీరు వచ్చే మొగ ఇసుకతో పూడాక, ఒడ్డు ఏటికేడు లోపలికి జరిగింది. ఒక వేసవిలో శీనయ్యకు వచ్చిన చోట పాదం కూడా తడవలేదు. లోతైన చోటు కోదండన్నకు పడింది. శీనయ్య వల మూటగట్టి, ఫ్యాక్టరీ పనికి పోతానన్నాడు. కట్టు అంటే కట్టే గదా అని మిగతావాళ్లు ఊరుకున్నారు.

మర్నాడు కోదండన్న పల్లెనంతా భోజనానికి పిలిచాడు, శీనయ్య చోట్లోకి. పగుళ్లిచ్చిన నేల మీద చాపలు పరిచి చేపల పులుసు వడ్డించాడు.

"జాగర్త సామీ, ఈత రానోళ్లు ఒడ్డున కూచోండి," అన్నాడు.

అందరూ నవ్వారు. శీనయ్య నవ్వలేదు. "నా బతుకు ఎకసెక్కంగా ఉండాదా అన్నా?"

"నీ బతుకు కాదురా, మన కొలత." నావైపు తిరిగాడు. "ఏం లెక్కలోడా, ఈ చోటూ నా చోటూ సమానమేనా?"

"వెడల్పు సమానమే అన్నా."

"అయితే రేపు పులుసులో వెడల్పు వేసుకుందామా?"

ఎవరో అడిగారు, "నీ చోట్లో నీళ్లుండాయి గదా, నీకేం పోయింది?"

"ఉండాయి గనకే అడుగుతా ఉండా. ఎండినాక అడిగితే ఏడుస్తా ఉండాడంటారు."

చేతులు కడిగేలోపే కొత్త కట్టు కుదిరింది. ప్రతి చోటా నీళ్లలో గెడకర్ర దించి లోతు చూడాలి. మోకాలి లోతు లేకపోతే, ఆ చోటివాళ్లు నీళ్లున్న చోట రోజు మార్చి రోజు వల కట్టుకోవచ్చు. శీనయ్య మూట విప్పింది కోదండన్న చోట్లోనే.

ఇప్పుడు కోదండన్న లేడు. వేసవి ఇంకా తొందరపడుతోంది, మోకాలి లోతు కూడా చాలా చోట్ల మాయమవుతోంది. కట్టు మళ్లీ మార్చాలి. ఈ ఏడు లోతైన చోటు నాకు పడింది. అందుకే రేపటి కూటంలో ముందు లేచేది నేనే.