నేను రద్దు చేయించిన తైవాన్ చట్టసభ

విశాఖపట్నం దాటకుండా తైవాన్ చట్టసభను రద్దు చేయించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే విచారించకండి, అది నేనే. ఒకే ఒక్క మధ్యాహ్నం ప్రధానిని దింపాను, సభను ముంచాను, నా కొంప కూడా ముంచుకున్నాను. దీనికి సైన్యం అక్కర్లేదు. ఒక వ్యాను, ఒక డేగిసా బిర్యానీ, పాఠం వినని రెండు చెవులు చాలు.

సీతమ్మధారలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న రోజులవి. కాలేజీల మధ్య మాదిరి చట్టసభల పోటీ పెట్టారు. చీటీ తీస్తే మా క్లాసుకు తైవాన్ వచ్చింది. పాలిటిక్స్ మేడం బోర్డు నిండా గీతలు గీసి పాఠం మొదలుపెట్టారు.

"వాళ్ల చట్టసభ పేరు శాసన యువాన్. యువాన్ అంటే విభాగం. ప్రభుత్వంలో ఇలాంటి యువాన్లు ఐదు. పాలనకొకటి, చట్టాలకొకటి, న్యాయానికొకటి, అధికారుల తప్పులు పట్టడానికొకటి, ఉద్యోగ పరీక్షలకొకటి."

పరీక్షలకు ఏకంగా ఒక ప్రభుత్వ విభాగమే ఉందని వినగానే నా పక్కనున్న నాయుడు బెంచీ కిందికి జారాడు. సప్లీలు మోస్తున్న ప్రాణం మరి.

నేనేమో కిటికీలోంచి చూస్తున్నాను. మా మూడో అంతస్తు నుంచి సముద్రం సన్నటి నీలం గీతలా కనిపించేది. రేవులోకి పిలుపు రాని ఓడలు దాని మీద లంగరేసుకుని కునికిపాట్లు పడుతుండేవి. వాటిలో ఒకటి మెల్లగా కదిలింది. అందులో నేనున్నాను, నా పక్కన రెహానా ఉంది. గాలికి ఆమె దుపట్టా నా భుజాన్ని తాకుతోంది, దూరంగా తైవాన్ దీపాలు కనిపిస్తున్నాయి. ఇక పాఠం ఎవడికి కావాలి చెప్పండి?

రెహానా వన్ టౌన్‌లో అత్తర్ల దుకాణం వాళ్లమ్మాయి, మా క్లాసే. మూడేళ్లుగా ఆమెను ప్రేమిస్తున్నాను. ఆ సంగతి నాకూ, నాయుడికీ, ఆ ఓడలకీ తప్ప ఎవరికీ తెలియదనుకునేవాణ్ని. పోటీలో ఆమె అధ్యక్షురాలు, మిగతా క్లాసంతా శాసనసభ్యులు. అసలు తైవాన్‌లో అధ్యక్షులు సభలో కూర్చోరట గానీ, మాకున్నది ఒకే స్టేజీ. అందులోనూ ఇరుకు. అధ్యక్షురాలి కుర్చీకి ఆనుకునే ప్రధాని కుర్చీ వేశారు. ఆ కుర్చీ దక్కకపోతే నా బతుకే వృథా అనిపించింది.

"బావా, ప్రెధాని అవ్వాలంటే ఏటి సెయ్యాల?" అనడిగాను నాయుణ్ని.

"మెజారిటీ ఉండాల బావా. ఎమ్మెల్యేలు ఎవుడి ఎనకుంటే ఆడే గదా!"

"మేడం మరేదో సెప్పినట్టున్నారు."

"నాను నిద్రోయాను. నువ్వు మేలుకునే ఉన్నావు గదా?"

"మేలుకునే ఉన్నాను గానీ, ఓడలో ఉన్నాను."

మెజారిటీ జారిపోకుండా కాపాడుకోవాలంటే తెలుగువాడికి తెలిసిన దారి ఒక్కటే: క్యాంపు! పోటీ రోజు పొద్దున్నే సభ్యులందర్నీ వ్యానెక్కించి కొండవతల యారాడ బీచికి తీసుకుపోయాం. ఎవరూ జారుకోకుండా ఫోన్లు లాగేసుకున్నాం, మావి కూడా ఆపేశాం. ఘాట్ రోడ్డంటే కడుపులో తిప్పుతుందని బుజ్జి ఒక్కడే రాలేదు.

"ఒక్క ఓటే గదా, పోన్లే," అన్నాడు నాయుడు.

యారాడలో ఆ పూట ఎంత బాగుందో! వలలు ఆరుతున్నాయి, అల వచ్చి కాళ్లు తడిపి పోతోంది. నా శాసన యువాన్ మొత్తం ఇసుకలో కూర్చుని బిర్యానీ తింటోంది. నేను మాత్రం తినకుండా, ప్రధానిగా మొదటి మాట ఏం మాట్లాడాలా అని నీళ్లకేసి చూస్తూ గంటలు గడిపేశాను. 'మేడం ప్రెసిడెంట్' అనాలా, 'రెహానా' అనాలా? అదే తేలలేదు.

చివరికి వేళ్లతో విజయచిహ్నాలు చూపిస్తూ పోటీ హాల్లోకి అడుగుపెట్టాం. తీరా చూస్తే ఆ కుర్చీలో బుజ్జి!

"ఏట్రా ఇది?" అని అరిచాను.

"నానేటి సేసాన్రా? రెహానా రమ్మంటే ఎల్లాను, కూకోమంటే కూకున్నాను. ప్రెధానైతే సభ్యుడిగా ఉండకూడదంట, రాజీనామా కూడా రాయించుకున్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే అవిశ్వాస తీర్మానం పెట్టాను. బిర్యానీ తిన్న చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ప్రభుత్వం పడిపోయింది. నాయుడు ఈల వేశాడు.

అప్పుడు మేడం గొంతు సవరించుకున్నారు. "దిగిపోయే ప్రధాని, సభను రద్దు చెయ్యమని అధ్యక్షుల్ని అడగొచ్చు. అడుగుతావా బుజ్జీ?"

బుజ్జి నా వంక చూశాడు. "అడక్కపోతే ఎలాగండి?"

రెహానా లేచింది. మూడేళ్లలో మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూసింది. "శాసన యువాన్‌ను రద్దు చేస్తున్నాను," అంది.

అంతే! నా సభ, నా మెజారిటీ, నేను, అందరం మాజీలమైపోయాం. పైగా తైవాన్ రాజ్యాంగాన్ని ఇంత చక్కగా ఆడి చూపించిన జట్టు లేదని మాకే మొదటి బహుమతి ఇచ్చారు. కప్పు బుజ్జి అందుకున్నాడు.

వరండాలో రెహానా నన్ను ఆపింది.

"ఎక్కడికి పోయావ్? స్టేజీ మీంచి మూడుసార్లు నీ పేరే పిలిచాను. ఫోన్ చేస్తే స్విచాఫ్. చివరికి హాల్లో ఉన్నవాణ్ని పెట్టుకోవాల్సొచ్చింది."

"నా పేరా?" అన్నాను. "నేను యారాడలో… మీ పక్కన కూర్చోడానికి… ఓట్లు పోగు చేస్తున్నానండీ."

"అరే బాబా! అక్కడ ప్రధానిని వేసేది ప్రెసిడెంటు. సభ ఓట్లతో పనే లేదు. నా ఒక్కదాని మాట చాలు." ఆ పైన మెల్లగా అంది. "మూడేళ్ల నుంచి క్లాసులో అందర్నీ అడుగుతున్నావంట నా గురించి. నన్నెందుకు అడగవు?"

ఆమె ఎదురుగా నిలబడి ఎదురు చూస్తోంది. ఇంతకన్నా మంచి ఘడియ మళ్లీ రాదని నాకు తెలుసు. ఊపిరి పీల్చుకున్నాను, నోరు తెరిచాను.

"సారీ అండీ, బిర్యానీ అయిపోయింది," అన్నాను.

అందుచేత పాఠక మహాశయులారా, విశాఖ సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఏ పదవి కోరుకున్నా, దాన్ని ఇచ్చే మనిషెవరో కనుక్కుని, నేరుగా ఆ మనిషినే అడుగుతాను. అప్పటిదాకా ఎవరికీ ఒక్క ముద్ద బిర్యానీ పెట్టను.