చుక్కబర్రె పాట పూర్తయిన రోజు

పెద్దమ్మ చనిపోయిందన్న వార్తను గ్రూపులో పెట్టింది నేనే. ఉదయం షిఫ్టుకు వెళ్తూ గేటు ముందు లైనులో నిలబడి ఫోన్ చూసుకుంటుంటే ఎవరో ఒక ఫోటో పంపారు. పెద్దమ్మ ముఖం, చుట్టూ బంతిపూల దండ, కింద 'మన పాటల తల్లి ఇక లేరు' అన్న అక్షరాలు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. కళ్ళు తుడుచుకుంటూ దాన్ని మా గ్రూపులోకి పంపాను. కింద రెండు వాక్యాలు నా మాటగా రాశాను. తర్వాత ఫోన్ లాకర్లో పెట్టి తాళం వేసి లోపలికి వెళ్ళిపోయాను.

నేను జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు. మధ్యాహ్నం భోజనం దాకా బయట ఏం జరిగినా మాకు తెలియదు. ఆ రోజు మాత్రల అట్టలు పెట్టెల్లో సర్దుతూ మనసులో పెద్దమ్మ పాటలే పాడుకున్నాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. చుట్టుపక్కల ఊళ్ళ పొలాల్లో నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ పాడిన మనిషి. రెండేళ్ళ కింద ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి వెళ్ళినప్పుడు ఆమె చెట్టు నీడలో కూర్చుని నలుగురు ఆడవాళ్ళకు పాడి వినిపిస్తోంది. పటాన్‌చెరులో లేత్ మెషీన్ మీద పనిచేసే ఒకాయన దాన్ని ఫోన్‌లో రికార్డు చేస్తున్నాడు. "అన్నా, నాకు గూడ పంపుతవా?" అని అడిగాను. "నంబర్ చెప్పు చెల్లె" అన్నాడు. మా గ్రూపు అలా మొదలైంది. ఎవరు ఎక్కడ పెద్దమ్మ పాట విన్నా అందులో పెట్టేవాళ్ళు. ఆమె ఏ పెళ్ళికి వస్తోంది, ఏ బోనాలకు పాడుతోంది అన్నీ అందులోనే తెలిసేవి. నేనూ లేత్ అన్నా అడ్మిన్లం. గుడ్ మార్నింగ్ బొమ్మలు పెట్టకూడదనీ, రికార్డింగు పెడితే ఊరి పేరు రాయాలనీ రూలు పెట్టింది నేనే. ఎవరైనా అబద్ధపు వార్త పెడితే తీసేస్తాననీ రాశాను.

భోజనానికి బయటికి వచ్చి లాకరు తెరిచేసరికి ఫోన్ నిండా మెసేజ్‌లు. దండాలు, దీపాలు, ఏడుపు బొమ్మలు. మధ్యలో ఒకే నంబరు నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. పెద్దమ్మ కోడలు. తిరిగి ఫోన్ చేశాను.

"అక్కా, మా అత్త గీడ కూసోని జొన్నరొట్టె తింటుంది. గామెను సంపిందెవరక్కా?" అంది కోడలు.

గ్రూపులో పెట్టింది నేనేనని చెప్పాను.

"పొద్దుగాల్నించి మా చుట్టాలందరు ఏడ్సుకుంట వస్తున్నరు. ఒగలైతె తెల్లబట్ట గూడ పట్టుకొచ్చిండ్రు. మా ఆయన పరేషాన్ అయి డ్యూటీ ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు."

ఆమె అరిచి ఉంటే కొంచెం తేలికగా ఉండేది. అరవలేదు. నేను అక్కడే నిలబడి గ్రూపులో తప్పు నాదేనని రాసి, సూపర్‌వైజర్ దగ్గర సగం రోజు సెలవు అడిగి, నేరుగా పెద్దమ్మ ఊరికి ఆటో ఎక్కాను.

ఇంటి ముందు అరుగు మీద పెద్దమ్మ చింతపండు గింజలు తీస్తోంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, చేతుల మీద పచ్చబొట్లు. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వేనా బిడ్డా నన్ను సంపింది?"

కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. "తప్పయింది పెద్దమ్మా. అడగకుండ పెట్టిన."

"సరే తియ్. ఏమేం రాసిండ్రో సదువు."

"వద్దు పెద్దమ్మా."

"ఎందుకొద్దు? సచ్చినోళ్ళకు ఇనే రాత ఉండదు. నాకున్నది. సదువు."

ఒక్కొక్కటే చదివాను. ఆమె గింజలు తీస్తూ వింది. మధ్యలో రెండుసార్లు నవ్వింది. ఎవరో 'ఆమె పాడిన నాలుగు పాటలు ఎప్పటికీ బతికే ఉంటాయి' అని రాశారు. ఆ మాటకు ఆమె చేతులు ఆగిపోయాయి.

"నాలుగా? నాకు నాలుగే పాటలొస్తయని ఎవలు చెప్పిండ్రు?"

నిజమే. గ్రూపులో ఎన్ని రికార్డింగులు ఉన్నా తిరగేసి మరగేసి అవే నాలుగు పాటలు. పెళ్ళిళ్ళలో, గుళ్ళలో పాడే చిన్న పాటలు. అవీ రెండు నిమిషాలకు మించి ఎవరూ తీయలేదు.

"చుక్కబర్రె పాట ఉన్నదా మీ ఫోన్ల?" అని అడిగింది.

ఆ పేరే నేను వినలేదు. తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ ఒక ఆడమనిషి ఏడు ఊళ్ళు తిరిగే పాట అని చెప్పింది. పొద్దున ఎత్తుకుంటే ఒక మడి నాటు అయ్యేదాకా ఒడవదట. అప్పటికప్పుడే పాడమన్నాను. ఫోన్ పట్టుకున్నాను. ఆమె ఎత్తింది:

"సూస్తిరా అక్కలార సుక్కబర్రెను
తుమ్మకుంట కట్టమీద మేసె బర్రెను..."

రెండు ఊళ్ళు దాటింది. మూడో ఊరి దగ్గర తడబడి ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పాడింది. మళ్ళీ అక్కడే ఆగింది. ముఖం చిన్నబోయింది.

"అందుకునేటోళ్ళు లేకుంటె నాకు ముంగటిది యాదికి రాదు బిడ్డా. నేను ఒక మాట అంటె వాళ్ళు మల్ల అంటరు. వాళ్ళు అనేలోపల నాకు ఎనకటి మాట దొరుకుతది."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఒకటే అనుకున్నాను. నేను చేసిన తప్పు మెసేజ్ తీసేస్తే పోదు. ఆ పాట మొత్తం రికార్డు కావాలి. ఎన్ని రోజులు పట్టినా సరే.

ఆ రాత్రి పటేల్‌గూడలో మేం కిరాయికి ఉండే ఇంట్లో, వంట చేస్తూ ఆ సగం రికార్డింగు పెట్టుకుని విన్నాను. అమ్మ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. మోకాళ్ళ నొప్పులు వచ్చేదాకా అమ్మ కంపెనీ క్యాంటీన్‌లో వంటపని చేసింది. దానికి ముందు కూలికి వెళ్ళేదని తెలుసు గానీ, పాడేదని నాకు తెలియదు. పాట ఆగిన చోట అమ్మ కత్తి కింద పెట్టింది.

"వాగును మరిసింది. మూడో ఊర్ల వాగున్నది. వాగు దాటకుండ బర్రె గుట్ట ఎట్ల ఎక్కుతది?"

"అమ్మా, నీకు ఈ పాట వచ్చా?"

"నాకేం రాదు. అందుకునుడు వచ్చు."

వెంటనే పెద్దమ్మకు ఫోన్ కలిపి అమ్మ చేతికి ఇచ్చాను.

"వాగు మరిసినవు గదనే" అంది అమ్మ, పలకరింపు కూడా లేకుండా.

"ఎవలే నువ్వు?" అని అటునుంచి గద్దింపు.

"ఎర్రచెలకల నీ పక్క సాలు నాదే. నారు కట్టలు నీకు అందిచ్చేదాన్ని."

ఆ తర్వాత ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. వాళ్ళు కలిసి నాట్లు వేసిన ఆ ఎర్రచెలక పొలం మీద ఇప్పుడు మా కంపెనీ గోదాము ఉంది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

పెద్దమ్మ చెప్పిన ప్రకారం అందుకోవడానికి తక్కువలో తక్కువ నలుగురు కావాలి. ఆమెతో కలిసి నాట్లు వేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమని గ్రూపులో రాశాను. బొటనవేళ్ళు, గుండెకాయలు చాలా వచ్చాయి. మనుషులు ఒక్కరూ దొరకలేదు. రెండు రోజులు ఎదురుచూశాక అర్థమైంది, పాడిన ఆడవాళ్ళు ఆ గ్రూపులో లేరు. వాళ్ళ పిల్లలున్నారు. 'ఇంటికి పోయి మీ అమ్మను అడగండి, అత్తను అడగండి. అడగకుండా లైకు కొట్టకండి' అని రాశాను. కొంచెం కటువుగానే రాశాను. వారం లోపల ముగ్గురు దొరికారు. ఒకామె సంగారెడ్డి మార్కెట్లో కూరగాయలు అమ్ముతోంది. ఒకామె ఇంట్లోనే ఉంటోంది. మూడో ఆమె ప్లాస్టిక్ సీసాల ఫ్యాక్టరీలో ఊడ్చే పని చేస్తోంది. మా అమ్మతో నలుగురు.

లేత్ అన్న ఉత్సాహంతో పటేల్‌గూడలో ఒక చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడాడు. మైకులు పెట్టించాడు. పోస్టరు తయారు చేసి గ్రూపులో తిప్పాడు. చాలామంది వచ్చారు. పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. నలుగురు ఆడవాళ్ళు మైకుల ముందు బడిపిల్లల్లా బిగుసుకుని నిలబడ్డారు. పాట మొదలైంది. రెండో ఊరికి రాగానే జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో అందుకోవలసిన మాట పోయింది. పెద్దమ్మ ఆగింది, మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఆగింది. మూడోసారి మైకు పక్కకు జరిపి, తనకు వచ్చిన చిన్న పాట ఒకటి పాడి దిగిపోయింది. జనానికి అదే చాలా నచ్చింది. గ్రూపులో సూపర్ అని రాశారు.

నాకు ఏడుపు వచ్చింది. లేత్ అన్న కుర్చీలు మడతపెడుతూ, "ఇగ చాలు చెల్లె, మన తోని కాదు" అన్నాడు.

"అయితది అన్నా. ఎందుకు కాలేదో అడుగుదాం" అన్నాను.

పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతోంది. అడిగితే కోపగించుకోలేదు.

"గది నిలవడి పాడే పాట కాదు బిడ్డా. వంగి నాటేసుకుంట పాడిన పాట. చేతుల్ల నారు లేకపాయె, కాళ్ళ కింద బురద లేకపాయె. నాకేం యాదికొస్తది?"

అయితే మడి కావాలి. గ్రూపులో మళ్ళీ రాశాను, ఎవరికైనా నాటు వేయవలసిన పొలం ఉంటే చెప్పండి అని. ఈసారి ఒకాయన ఫోన్ చేశాడు. పెద్దమ్మ ఊరి పక్క ఊరి రైతు, పగలు ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. వాళ్ళ నాన్న కాలంలో పెద్దమ్మ ఆ పొలంలోనే కూలి చేసింది. అప్పటి పొలంలో ఇప్పుడు బోరు కింద ఎకరం మిగిలింది. "నాటు మిషన్ మాట్లాడిన గని, ఒక మడి మీ కోసం ఆపుత. ఆదివారం రాండ్రి" అన్నాడు.

సీసాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమెకు ఆదివారం సెలవు లేదు. వాళ్ళ సూపర్‌వైజర్ రెండుసార్లు కాదన్నాడు. నా సెలవు రోజున ఆ గేటు ముందుకు వెళ్ళి నిలబడ్డాను. పాట కోసం అంటే ఆయనకు అర్థం కాలేదు. పెళ్ళా, చావా అని అడిగాడు. రెండూ కాదన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు, ఒకసారి చెప్పి చూశాను కదా. చివరికి ఆమెతో పాటు పనిచేసే ఒడిశా అమ్మాయి ముందుకు వచ్చి, "సార్, సండే మై కర్‌లూంగీ, దీదీకో జానే దో" అంది. ఆదివారం పని తను చేస్తుందట, అక్కను పోనివ్వమంటోంది. ఆయన చేయి ఊపి లోపలికి పోయాడు.

ఆదివారం పొద్దున్నే సన్నగా వాన పడుతోంది. ఫోన్‌ను కడిగిన పాలప్యాకెట్‌లో చుట్టి లేత్ అన్న ఒడ్డు మీద గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. గ్రూపు నుంచి పదిహేను మంది వచ్చారు. చప్పట్లు కొడితే ఇంటికి పంపిస్తానని ముందే చెప్పాను.

రైతు ఎదురొచ్చి పెద్దమ్మకు దండం పెట్టాడు. ఆమె మడిని చూసింది, ఆయనను చూసింది.

"మీ నాయిన పొలంల నేను వంగినప్పుడు గిట్ల ఎవలన్న ఫోన్ పట్టుకొచ్చి ఉంటె, నా పాటలు గిన్ని పోకపోవు పటేలా."

ఆయన తల వంచుకుని, "నిజమే పెద్దమ్మా" అన్నాడు. చెప్పులు విడిచి తనూ మడిలోకి దిగాడు.

అమ్మ మోకాళ్ళతో బురదలోకి దిగలేదు. ఒడ్డు మీద కూర్చుని నారు కట్టలు విప్పి అందిస్తానంది. మిగిలిన ముగ్గురూ పెద్దమ్మకు అటూ ఇటూ వంగారు. నేను చివర నిలబడ్డాను. నాకు నాటు వేయడం రాదు. నేను పెట్టిన నారు వెనుకే తేలుతుంటే రైతు మళ్ళీ గుచ్చుతూ వచ్చాడు.

పెద్దమ్మ పాట ఎత్తింది. వాళ్ళు అందుకున్నారు. మైకుల ముందు బిగుసుకున్న గొంతులు ఇక్కడ చేతుల వెంట నడిచాయి. మూడో ఊరు, వాగు దాటింది. నాలుగో ఊరు, గుట్ట ఎక్కింది. నేను రోజూ పనికి పోయే దారిలోని గడ్డలు, కుంటలు, వానకు పారే ఒర్రెలు ఒక్కొక్కటే పాటలోకి వచ్చాయి. వాటికి పేర్లు ఉన్నాయని నేను ఎరుగను. వాటిని నేను గోడలుగా, గేట్లుగా మాత్రమే చూశాను.

ఐదో ఊరిలో పెద్దమ్మ ఆగిపోయింది. చేతిలో నారు అలాగే ఉంది. ఆడవాళ్ళు మాత్రం ఆగలేదు. తల ఎత్తకుండా, తొందరపడకుండా 'సూస్తిరా అక్కలార' అన్న ఒక్క మాటనే తిప్పి తిప్పి పాడుతూ నాటు వేస్తూ పోయారు. ఆరుసార్లు, ఏడుసార్లు. ఎనిమిదోసారికి పెద్దమ్మకు మాట దొరికింది. ఆమె నడుం సగం లేపి ఆ మాటను దాదాపు అరిచింది. ఒడ్డు మీద అమ్మ నవ్వుతూ కట్ట విసిరింది.

ఏడో ఊరిలో బర్రె దొరికింది. ఎవరి దొడ్లోనో దూడను ఈని నిలబడి ఉంది. మడిలో ఇంకా రెండు సాళ్ళు మిగిలాయి. వాటిని మాటలు లేకుండా నాటారు.

రికార్డింగు గంట దాటింది. గ్రూపులో పెట్టగానే ముక్కలు చేయమన్నారు, వెనుక సంగీతం కలపమన్నారు, ఐదు నిమిషాల్లో మంచి భాగం ఏదో చెప్పమన్నారు. లేత్ అన్నా నేనూ ఒప్పుకోలేదు. వాన చప్పుడుతో, ఐదో ఊరి దగ్గర తిప్పి తిప్పి పాడిన మాటతో మొత్తం అలాగే పెట్టాం. కింద ఊరి పేరు, మడి ఎవరిది, ఎత్తింది ఎవరు, అందుకున్నది ఎవరెవరు అన్నీ రాశాం. కొందరు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఉన్నారు.

పెద్దమ్మ అప్పటి నుంచి మాకు ఇంకో మూడు పెద్ద పాటలు ఇచ్చింది. కలుపు పాటకు చేను వెతికాం. విసుర్రాయి పాటకు విసుర్రాయి వెతికాం, అది దొరకడానికి నెల పట్టింది. ఇప్పుడు కంపెనీ బస్సులో నాతో పాటు ప్యాకింగ్‌లో పనిచేసే నలుగురు ఆడపిల్లలు చుక్కబర్రె పాటను అందుకోవడం నేర్చుకుంటున్నారు. ఎత్తేది నేనే. నా గొంతు బాగుండదు, డ్రైవరు అద్దంలో చూసి నవ్వుతాడు. పోయిన వారం గేటు వచ్చేలోపల వాగు దాటాం.