నిలబడితే వచ్చే తలనొప్పి

రిటైరవడానికి మూడేళ్ళ ముందు, ఒక జనవరి నెలలో, కడపలో ప్రాక్టీసు మానేసి కర్నూలులోని ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో న్యూరాలజిస్టుగా చేరాను. మెదడు, నరాల జబ్బులు చూసేవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో తలనొప్పి అన్న ప్రతివాణ్ణీ నా గదికే పంపేవాళ్ళు.

ఆలూరు వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు ఒక అలవాటుండేది. వరండాలో దుప్పటి పరిచి రోగిని పడుకోబెట్టి, పేరు పిలిచేదాకా పక్కన కూర్చునేవాళ్ళు. జబ్బు మనిషిని కూర్చోబెట్టడం కూడా వాళ్ళ దృష్టిలో నిర్దయే.

నేను చేరిన కొద్ది రోజులకు గచ్చు మరమ్మతు కోసం ఆ వరండాను తవ్వేశారు. పరుచుకునే చోటు లేక అందరూ ఎండలో వరసగా నిలబడ్డారు. ఆ వరసలోంచి నరసమ్మ లోపలికి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, కూలి పని చేసుకునే మనిషి. రెండు చేతులతో తల పట్టుకుని భర్త ఈరన్న భుజానికి ఆనుకుంది. వెనకే కూతురు సుజాత.

"దసరా ముందర నుంచీ ఇంతే సామీ. ఈడికే రెండుతూర్లు వచ్చినాం. ఏమీ లేదన్నారు," అన్నాడు ఈరన్న.

ఆమెను బల్ల మీద పడుకోమని చెప్పి, ఇంకో రోగికి మందులు రాసి తల తిప్పాను. ఆమె ముఖం తేటపడింది. నొప్పి ఎలా ఉందని అడిగాను.

"ఇప్పుడేం లేదు సామీ. పండుకుంటే పోతాది, లేచి నిలబడితే మళ్ళా వస్తాది. ఊర్లో నన్ను పనిదొంగ అంటాండారు."

ఈరన్నను అడిగితే అంతా అర్థమైంది. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా ఈరన్న చీకటితోనే వరండాలో చోటు పట్టి, ఆమెను కదలనివ్వకుండా పడుకోబెట్టాడు. పిలుపు వచ్చేసరికి నొప్పి పోయేది. అప్పుడు చూసిన డాక్టరు ఇప్పుడు నొప్పుందా అంటే, ఆమె ఉన్నమాటే చెప్పింది. పాపం, ఆ భర్త ప్రేమే జబ్బును దాచిపెట్టింది.

మెదడు ఒక నీటిలో తేలుతూ ఉంటుంది. ఆ నీరే వెన్నుపాము చుట్టూ కూడా ఉంటుంది. వెన్ను దగ్గర దాని పొరకు చిన్న చిరుగు పడితే నీరు కారిపోయి, లోపలి ఒత్తిడి తగ్గుతుంది. తొట్టిలో నీళ్ళు తగ్గితే తేలే టెంకాయ అడుగుకు ఆనినట్టు, మనిషి నిలబడగానే మెదడు కిందికి జారి పొరల్ని లాగుతుంది. నొప్పి అందుకే. ఎమ్మారై తీయిస్తే మెదడు కొద్దిగా కిందికి దిగి ఉంది, పై పొర మందంగా కనిపించింది. మొదట పడకలోనే ఉంచి సెలైన్లు ఎక్కించి, ఈ నొప్పిని కొంత తగ్గిస్తుందని కాఫీ తాగించి చూశాం. గుణం కనిపించలేదు.

ఇక మిగిలింది, చిల్లిబిందెకు వేసినట్టు, రక్తంతో మాటు వేయడం. చేతి నుంచి కొంచెం రక్తం తీసి, వెన్ను పొర బయట సూదితో ఎక్కిస్తారు. అది గడ్డకట్టి చిరుగును మూస్తుంది. ఈ పని మా మత్తు డాక్టరు చేయాలి. ఈరన్న అడ్డుపడ్డాడు. "ఆయమ్మకు రగతమే తక్కువ. నాది తీసుకోండి సామీ," అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎవరిది వారికే పనికొస్తుందని ఒప్పించడానికి మాకు తలప్రాణం తోకకొచ్చింది. మాటు వేసిన మర్నాడు నరసమ్మ తనే నడిచి కుళాయి దాకా వెళ్ళి ముఖం కడుక్కుంది. తలకాయ ఉండాదో లేదో కూడా తెలీలేదని నవ్వింది.

ఇంటికి పంపేటప్పుడు చెప్పాను: ఆరు వారాలు వంగకూడదు, బరువు ఎత్తకూడదు. ఆమె నవ్వు ఆగిపోయింది.

వాళ్ళు ఏటా సుగ్గికి పోతారు. అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస. ఆ వారమే లారీ బయల్దేరుతోంది, ఇద్దరు మనుషులం వస్తామని కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీకి మాటిచ్చి ఉన్నారు. సుజాత అవ్వ దగ్గర ఉండి పదో తరగతి పరీక్షలు రాయాలని అనుకున్నారు.

"వంగకుండా మిరక్కాయలు ఎట్ల కోసేది సామీ? నేను పోకుంటే పాప పోవాల. నడుముకు గట్టిగా గుడ్డ కట్టుకుని పోతే?"

కుదరదన్నాను. మాటు ఊడితే మళ్ళీ మొదటికొస్తుంది, నీరు బాగా తగ్గితే తలలో రక్తం చేరే ప్రమాదమూ ఉంది. మేస్త్రీతో ఫోనులో నేనే మాట్లాడాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు గానీ, మనిషికి మనిషి కావాలన్నాడు. గోడ పక్కన నిలబడ్డ సుజాత, "నేను పోతాలే మా. నువ్వు వంగొద్దు," అంది.

మొదటిసారి వచ్చినప్పుడే ఎవరైనా ఆమెను కాసేపు నిలబెట్టి ఉంటే, మాటూ విశ్రాంతీ ఎప్పుడో అయిపోయి, తల్లే సుగ్గికి వెళ్ళేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఎండాకాలంలో తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. నరసమ్మ నిటారుగా నడుస్తోంది. సప్లిమెంటరీ పరీక్షలు రాయొచ్చు కదా అని సుజాతను అడిగాను. పుస్తకాలు ఎవరికో ఇచ్చేశానని చెప్పి తల వంచుకుంది.

"నొప్పి పోయింది సామీ, శానా సంతోషం," అంది నరసమ్మ. "ఇంకొంచెం ముందర పోయింటే బాగుండు."

ఆ తర్వాత, తలనొప్పి అని వచ్చినవాళ్ళను కాసేపు నిలబెట్టాకే లోపలికి పిలిచేవాణ్ణి. బడిపంతులులా అందరినీ నిలబెట్టి శిక్ష వేస్తున్నానని నర్సులు నవ్వుకునేవాళ్ళు. పడుకున్న మనిషి నొప్పి లేదంటే అది నిజమే. కానీ ఆ నిజంతో ఈ జబ్బు దొరకదని నేర్చుకున్నాను. సుజాత మళ్ళీ బడికి పోలేదు.