తడిక అవతల రత్నమ్మ గొంతు

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. మా నాయన చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో వాక్యం చెప్పుకుంటూ తిరిగిన ఉపదేశి. గాలి సోకిందని ఎవరైనా తాయెత్తు కట్టించుకుంటే ఆయన నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని. కాబట్టి ఇది చదివి నన్ను పిరికిదాన్ననుకోకండి. అసూయ ఎక్కువనుకుంటే మాత్రం కాదనను.

రత్నమ్మ నా తోడికోడలు, మా మరిది భార్య. ఆమె కాపురానికి రాకముందు మా చర్చిలో శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థన నడిపింది నేనే. ఆమె వచ్చిన ఏడాదికే అందరికీ ఆమె ప్రార్థనే కావాల్సి వచ్చింది. "తండ్రీ" అని మూడుసార్లు పిలిచేది. రెండోసారి గొంతు సన్నగా వణికేది. ఆ వణుకుకే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు, నాకేమో ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనూ అలా వణికించి చూశాను. మేక అరిచినట్టు వచ్చింది.

మాలో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా మంచాన పడితే వాళ్ళ పేరు ఒక ఆడమనిషికి అప్పగించేవాళ్ళు. మంచాన పడ్డవాళ్ళు లేచి తిరిగేదాకా, పేరు తీసుకున్న ఆమె రోజూ మధ్యాహ్నం అన్నం మానేసి, ఆ పేరెత్తి ప్రార్థన చెయ్యాలి.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులవి. ఆ వానాకాలం బావి మెట్ల మీద జారి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. పుత్తూరు కట్టు కట్టించాలని మా ఆయన నన్ను, పెట్రోలు కరువై బొగ్గుతో నడుపుతున్న బస్సులో తీసుకెళ్ళడానికి సిద్ధమయ్యాడు. బయల్దేరే ముందు ఆడవాళ్ళు వచ్చి, నా పేరు రత్నమ్మకు ఇస్తున్నామన్నారు. ఆమె అక్కడే నిలబడి ఉంది.

"ఎవురికైనా ఇచ్చుకోండి. ఆ యమ్మకు మాత్రం వద్దు. ఆ నోట నా పేరు రాకూడదు" అన్నాను.

రత్నమ్మ తల వంచుకుని వెళ్ళిపోయింది. అంతమందిలో అలా అన్నాక నా పేరు తీసుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు.

పుత్తూరులో, కట్టు కట్టించుకున్నవాళ్ళు ఉండే ఒక కొట్టంలో దిగాం. మా ఆయన మర్నాడే వెళ్ళిపోయాడు, మా అమ్మ తోడుంది. నా మంచానికి ఒకపక్క తడికే గోడ, దాని అవతల పెరడు. ఇంకోపక్క చెయ్యి విరిగిన పలమనేరు ముసలమ్మ. మూడు కట్లు మార్చాక వైద్యుడు ఎముక అతికిందని, లేచి అడుగు వెయ్యమని చెప్పాడు. నా వల్ల కాలేదు. కాలు నేలకు ఆనించగానే ఒళ్ళంతా చెమట పట్టేది. వారం గడిచింది. ఇక నేను కుంటిదాన్నే అనుకున్నాను, శుక్రవారం ప్రార్థన ఇక రత్నమ్మదే అనుకున్నాను. రెండో ఆలోచనే నన్ను ఎక్కువ ఏడిపించింది. దేవుడి మీద అలిగి ప్రార్థన మానేశాను. ఆ సంగతి అమ్మకు కూడా తెలియదు. ఆమె చూస్తున్నప్పుడు కళ్ళు మూసుకుని పెదాలు కదిపేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మ వంటకు వెళ్ళినప్పుడు తడిక అవతల "తండ్రీ" అని వినిపించింది. మూడుసార్లు. రెండోసారి గొంతు వణికింది.

"మా అక్క నీ మీద అలిగి ఉండాది తండ్రీ. నీతో మాట్లాడేది మానేసింది. ఆ యమ్మ కాళ్ళలో బలం పెట్టు."

రత్నమ్మే, అనుమానం లేదు. ఇంతదూరం వచ్చి నలుగురిలో గొప్ప చూపించుకుంటోందని నా రక్తం ఉడికిపోయింది. అమ్మను అడిగితే మనూరి నుంచి ఎవరూ రాలేదంది. మర్నాడు అదే వేళకు మళ్ళీ అవే మాటలు. ముసలమ్మ నా వైపు తిరిగింది.

"ఎవురమ్మా ఆ యమ్మ? నీ కోసరం అంతగా మొక్కుకుంటా ఉండాది. లోపలికి రమ్మనరాదా?"

మూడోనాడు ఆ గొంతు మొదలవగానే లేచాను. ప్రార్థన చేసి లేవలేదు, ఆమె జుట్టు పట్టుకుని ఈడ్వాలని లేచాను. మంచం కోడు పట్టుకుని, తడిక పట్టుకుని, చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను. గొంతు ఆగిపోయింది. అక్కడ పొయ్యికట్టెల మోపు తప్ప ఏమీ లేదు. వానకు తడిసిన మట్టిలో ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. అప్పటికి గాని నేను నిలబడి ఉన్నానని నాకు తెలియలేదు. అమ్మ చేతిలో గిన్నె పడేసి పరుగెత్తుకొచ్చింది.

పదిరోజులకు ఊరికి వచ్చి నేరుగా రత్నమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె మంచంలో ఉంది. మేం పుత్తూరు వెళ్ళిన మూడోనాడే జ్వరం తగిలి, గొంతు పూర్తిగా పోయిందట. అప్పటి నుంచీ అన్నీ సైగలేనని ఇరుగుపొరుగు అందరూ చెప్పారు. నేను వెళ్ళిన నాటికి బొంగురుగా నాలుగు మాటలు వస్తున్నాయి. ఎప్పుడైనా నా పేరెత్తావా అని అడిగాను.

"నువ్వొద్దన్నావు గదక్కా. మనసులో గూడా ఎత్తలేదు. ఎత్తితే నీకు కోపమొస్తాదని భయపడినాను."

రత్నమ్మ అబద్ధమాడే మనిషి కాదు. ఆ ఒక్కసారికి ఆడి ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో.

అప్పటిదాకా రత్నమ్మ పేరు తీసుకున్న ఆమె పుట్టింటికి వెళ్ళిందని, ఇక ఆ పేరు ఎవరు తీసుకుంటారని ఆ శుక్రవారం అడిగారు. నేను తీసుకున్నాను. ఆమె లేచి తిరిగేదాకా మధ్యాహ్నాలు అన్నం ముట్టలేదు. ఆమె లేచింది గాని, ఆ వణుకు మాత్రం ఆమె గొంతులోకి తిరిగి రాలేదు.

ఆ మూడు మధ్యాహ్నాలు మాట్లాడింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ముసలమ్మ కూడా విన్నది కాబట్టి నా భ్రమ అని తోసెయ్యలేను. నా కాళ్ళలోకి వచ్చిన బలం దేవుడిదే, అందులో నాకు సందేహం లేదు. కాని నన్ను లేపడానికి ఆయనకు అన్ని గొంతుల్లో రత్నమ్మ గొంతే ఎందుకు కావాల్సి వచ్చింది? నిజం చెప్పాలంటే దానికి నాకు ఇప్పటికీ అసూయగానే ఉంది. ఆ మాట కూడా రోజూ ఆయనకే చెప్పుకుంటున్నాను.