సంగమ్మ చెప్పని గుర్తు

గుండప్ప బీదరు గాంధీ గంజ్‌లో ఇరవై ఏళ్లుగా కంది బస్తాలు మోసే హమాలీ. బడి మెట్టెక్కి ఎరగడు. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా సేటు గుమాస్తా వచ్చి ఫలానా గుర్తు అని చెప్పేవాడు. హమాలీలంతా ఆ గుర్తుకే వేసి వచ్చేవారు. గుండప్పకు అందులో తప్పేమీ కనిపించలేదు. చదివినవాళ్లకు తెలుస్తుంది, తెలిసినవాళ్లు చెప్తారు.

అరవై ఏడు ఎలక్షన్‌లో మాత్రం గుమాస్తా మాటకు తలూపలేదు.

"ఈపారి మా సంగమ్మ చెప్తది," అన్నాడు.

సంగమ్మ అతని కూతురు, తల్లి లేని పిల్ల. మెట్రిక్ పాసై, ట్రైనింగ్ చేసి, హుల్సూరులో పంతులమ్మ అయింది.

"ఇగ సేటు గూడ పంతులమ్మనే అడగాల్నేమో," అని తోటి హమాలీ పీరప్ప నవ్వాడు.

"అడిగితే ఆయనకే మంచిది," అన్నాడు గుండప్ప.

ఓటు రోజు పొద్దున్నే సంగమ్మ బస్సు దిగి వచ్చింది. జొన్నరొట్టె ముందు పెట్టి అడిగాడు: "ఏ గుర్తుకు ఎయ్యాలె బిడ్డా?"

"నేను చెప్ప నాయినా. నీకు నచ్చినోనికి ఎయ్యి."

అతని ముఖం చిన్నబోయింది. "గింత చదివిస్తే ఒక్క ముచ్చట చెప్పవా?"

"మా హెడ్మాస్టర్ బీఏ. ఆయనొక గుర్తు అంటడు. ట్రైనింగ్‌ల మా సారు గూడ బీఏనే, ఆయన ఇంకోటి అంటడు. సదువుకు అంత ఎరుకుంటే ఇద్దరు ఒక్కటే చెప్పాలె గద. నేను చెప్తే గుమాస్తా పోయి నేనొచ్చినట్టయితది."

"గుమాస్తా పరాయోడు. నువ్వు నా బిడ్డవు."

"గందుకే చెప్త లేను."

దారి పొడుగునా గుండప్ప పది అడుగులు ముందే నడిచాడు. బూత్‌లో ఓటు చీటీ విప్పి ఎంతసేపు నిలబడ్డాడంటే, పోలింగ్ ఆఫీసరు రెండుసార్లు దగ్గాడు.

ఇద్దరూ ఓటేసి బయటికొచ్చాక గుండప్పే చెప్పాడు: "జీవరాజ్‌కు ఏసిన. మొన్నటి కరువుల గంజ్ గేటు కాడ నీళ్ల కుండలు పెట్టిచ్చిండు. ఏ కులమోళ్లని అడగలే. మా చేతుల్తోనే ముంచుకోనిచ్చిండు."

తను వేసింది ఆయనకు కాదని సంగమ్మ ముఖమే చెప్పింది. పోనీలే, మంచిగ చేసినవని సర్దేస్తుందనుకున్నాడు.

"కుండలు సరే నాయినా. మంజూరైన బడిని రెండేండ్లు కట్టనియ్యలే ఆయన. పేపర్ల వచ్చింది. నువ్వు తప్పేసినవు."

గుండప్ప ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఏ గుమాస్తా అతనితో వాదించలేదు.

"పేపరోడు గంజ్‌కొచ్చి సూసిండా?"

"నువ్వు ఆ బడి కాడికి పోయి సూసినవా?"

గుండప్ప దారి పక్క హోటల్ ముందున్న బల్లను తువ్వాలుతో దులిపి చోటు చూపించాడు.

"కూసో. బడి ముచ్చట మొత్తం చెప్పు. నువ్వు చెప్పినంక నేను చెప్త."