నీళ్ళు తాగిన కారు

మా మావయ్య పోయాడు. మొన్న ఉదయం భవానీపురం నుంచి అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్యగారు ఇక లేరమ్మా" అంది. మా అమ్మకు తమ్ముడాయన. వన్ టౌన్‌లో బట్టల కొట్టు ఆయనకు బతుకుతెరువు, ఇంజన్లంటే ప్రాణం.

తొంభైల్లో ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. చదును రోడ్డు మీద బాగానే వెళ్ళేది. కాలువ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను లోపల టకటకా కొట్టుకునేది. ఎక్కడ పేలిపోతుందోనని అత్తయ్య ప్రతి వంతెన ముందూ దిగి, నడిచి దాటి, అవతల ఎక్కేది. మా డెల్టాలో వంతెనలకు కొదవా? అవనిగడ్డలోని పుట్టింటికి వెళ్ళే దారిలో సగం ఊళ్ళు ఆవిడ కాలినడకనే చూసింది. చివరికి విసిగిపోయి, "నేను బస్సులో వెళ్తాను, మీరు కారులో రండి" అంది. మావయ్య చిన్నబోయాడు. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాలనే కదా ఆ కారు కొన్నది.

ఇంజను మరీ వేడెక్కడం వల్లే ఆ చప్పుడని, గాలితోపాటు కాస్త నీరు పంపితే చల్లబడుతుందని ఎక్కడో చదివాడు. ఇంకేం, ఖాళీ సెలైన్ సీసా, గొట్టం, సూది సంపాదించాడు. సీసాను బానెట్ కింద బిగించి, సూదిని కార్బురేటర్ మీద అమర్చి, ధార తగ్గించే చక్రాన్ని స్టీరింగు పక్కకు తెచ్చుకున్నాడు.

"జ్వరమొచ్చిన మనిషికి ఎక్కించినట్టు దీనికీనా?" అని అత్తయ్య నవ్వింది. నవ్వినా, సీసా నింపింది ఆవిడే. తాగే నీళ్ళలాగే శుభ్రంగా ఉండాలని బిందెలో పటిక తిప్పి, తేర్చి మరీ పోసింది. చప్పుడు ఆగింది గానీ, కొన్నాళ్ళకే సూది కొసన పటిక తెల్లగా పేరుకుని మూసుకుపోయింది. మళ్ళీ టకటకా. అత్తయ్య బిక్కమొహం వేస్తే మావయ్య, "నీళ్ళు పనిచేస్తాయని తేలిందిగా, ఏ నీళ్ళో తర్వాత చూద్దాం" అన్నాడు. ఏం చెడినా ఆయన ధోరణి అంతే. ఆ నిదానమైన గొంతు ఒక్కసారి వినాలని ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరి వాళ్ళింట్లోనే ఉంటున్నాను. బ్యాటరీలో పోసే నీళ్ళు తెచ్చి సీసా నింపాక, నన్ను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరారు. వంతెన దగ్గర అత్తయ్య తలుపు మీద చెయ్యి వేసింది.

"ఈ ఒక్కసారికి కూర్చోవే" అంటూ మావయ్య సీసా గొట్టం చక్రం తిప్పి ధార వదిలాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. కారు చప్పుడు లేకుండా ఎక్కి దిగింది.

"అయిపోయింది, కళ్ళు తెరువు."

"ఇంకొకటి దాటాక."

ఆ పూట ఎన్ని వంతెనలు దాటామో నాకు గుర్తులేదు. ఆ వెనక సీట్లో మళ్ళీ కూర్చోవాలని మాత్రం ఉంది.

ఇంటికొచ్చాక నేను దిగి గేటు తీశాను. అత్తయ్య కదల్లేదు.

"దిగవా?" అన్నాడు మావయ్య.

"ఇంకాస్త దూరం పోనివ్వండి."

మావయ్య కారు వెనక్కి తిప్పి కృష్ణ ఒడ్డు వైపు పోనిచ్చాడు. అత్తయ్య కొంగు కిటికీలోంచి ఎగురుతూ దూరమవుతుంటే, నేను గేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.