జైసల్మేర్ ఎడారిలో మా వారు కాళ్లు కడుక్కున్న రోజు

మాది నరసాపురం దగ్గర. నేను బడిలో హిందీ చెబుతాను. ఎడారి పాఠం వచ్చిన ప్రతిసారీ పిల్లల్లో ఎవరో ఒకరు "మీరు చూశారా టీచర్?" అని అడుగుతారు. పదకొండేళ్లు లేదని చెప్పి చెప్పి నాకే సిగ్గేసింది. 2004 డిసెంబరు సెలవుల్లో మా వారిని బయల్దేరదీశాను. ఆయన వరి రైతు. మా పొలం కాలువ చివర ఉంది కాబట్టి ఏటా వంతు నీళ్ల కోసం పై రైతులతో పోట్లాట తప్పదు. "ఇసుక చూడ్డానికి అంత దూరమెందుకే, పేరుపాలెం బీచిలో లేదా?" అని గొణుగుతూనే రైలెక్కారు.

జైసల్మేర్‌లో రోజంతటికీ ఏడు వందలకు కారు కుదిరింది. ఎండ ముదరకముందే, ఎనిమిదింటికి కోట ఎక్కాం. లోపల ఇప్పటికీ కాపురాలున్నాయి, పసుపురాతి గోడల మీద చీరలు ఆరేసి ఉన్నాయి. తర్వాత పాతకాలపు షావుకార్ల మేడలు, హవేలీలు చూసి, ఒంటిగంటకు రొట్టెలు తిన్నాం. అన్నం లేదనేసరికి మా వారు ముఖం ముడుచుకున్నారు. నాలుగింటికి సమ్ అనే ఊరి దగ్గరి ఇసుక తిన్నెలవైపు బయల్దేరాం. నలభై కిలోమీటర్లు, గంట చాలు. ఆరులోపు సూర్యాస్తమయం. నేను అంత దూరం వచ్చిందే దానికోసం, మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు.

సగం దారిలో డ్రైవర్ రూపారామ్ తన మేనత్త ఇంటి దగ్గర టీకి ఆపాడు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి మా వారి చేతికి చెంబుతో నీళ్లిచ్చింది. మా వైపు గుమ్మంలో చెంబు ఇస్తే కాళ్లకే కదా! ఈయన చెప్పులు విడిచి, మడమలు రుద్దుకుని మరీ కడిగేసుకున్నారు. ఆవిడ లోపలికెళ్లి కుండ పూర్తిగా వంచి, ఇంకో చెంబు తెచ్చింది.

"అవి తాగే నీళ్లండి," అన్నాడు రూపారామ్ హిందీలో, మెల్లగా. "బావి మూడు కిలోమీటర్లు. అత్త రోజూ పొద్దున్నే నడిచి వెళ్లి తెస్తుంది."

నేను తెలుగులో చెప్పగానే మా వారి ముఖం మాడిపోయింది. "బిందెలు కార్లో పెట్టమనవే. తెచ్చిద్దాం."

"ఏమండీ, నాలుగున్నరైంది. తిన్నెలు..."

"ఏంటే నువ్వు! నీళ్ల కోసం నేను లాకుల దగ్గర ఎంతమందితో గొడవపడ్డానో చూళ్లేదా? ఆవిడ నీళ్లు పారబోసి షికారుకెళ్తామా?"

నాకు ఒళ్లు మండింది, దాచడమెందుకు. బావి దగ్గర పదిమంది ఆడవాళ్లు వరుసలో ఉన్నారు. అతిథులని మమ్మల్ని ముందుకు రమ్మన్నారు. ఈయన కదల్లేదు. "వంతొచ్చాకే అని చెప్పు," అన్నారు. మా వంతు వచ్చేసరికి సూర్యుడు ముళ్లచెట్ల వెనక్కి దిగిపోయాడు. చేదతో నీళ్లు నేనే తోడాను, కోపమంతా తాడు మీద చూపిస్తూ. రెండు బిందెలు ఇంట్లో దించాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. రేపు పొద్దెక్కేదాకా పడుకుంటానంటోందని రూపారామ్ చెప్పాడు. కోపం అక్కడితో సరి.

తిన్నెలు చూడలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. కానీ ఆ వరుసలో నిలబడ్డ మనిషి మీద కలిగినంత గౌరవం, పదిహేనేళ్ల కాపురంలో నాకు ఎప్పుడూ కలగలేదు. ఆయనతో అనలేదు, ఇక్కడే రాస్తున్నాను. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: జైసల్మేర్‌లోనే పెద్ద డబ్బా నిండా మంచినీళ్లు పట్టించి డిక్కీలో పెట్టుకోండి. దారిలో ఎవరింటి ముందు ఆగితే అక్కడ దించి రండి.